కాలేజీ కవితల పోటీకి సిద్ధమవడం ఎలా? ప్రకటన చదవడం నుంచి మైకు ముందు నిలబడేదాకా

ఉగాది దగ్గరపడుతుంటే నోటీసు బోర్డుల మీద, వాట్సాప్ గ్రూపుల్లో కవితల పోటీ ప్రకటనలు మొదలవుతాయి. వాటి వెంటే ప్రశ్నలూ వస్తాయి. ఎన్ని లైన్లు ఉండాలి? ఫేస్‌బుక్‌లో పెట్టిన కవిత పంపొచ్చా? వచన కవిత పంపాలా, పద్యం పంపాలా? అక్కడికక్కడ రాయమంటే ఏం చేయాలి? ఈ మార్గదర్శి ఆ ప్రశ్నల కోసమే. కవిత్వం అంటే ఏమిటన్న చర్చ ఇందులో వెతకొద్దు.

పోటీకి వచ్చిన కవితల్లో కొన్ని నిబంధనల దగ్గరే పోతాయి, ఎవరూ చదవకముందే. మిగిలినవాటిలో చాలా భాగం ఇచ్చిన అంశం మీద ఉపన్యాసం ఇచ్చి ఓడిపోతాయి. ఈ రెండు చోట్లా జాగ్రత్తపడితే మీ కవిత జడ్జీ రెండోసారి చదవడానికి పక్కన పెట్టుకునే కట్టలో చేరుతుంది. ఆ తర్వాతిది ఆయన అభిరుచి.

1. ప్రకటనను పెన్ను పట్టుకుని చదవండి

ఫోన్‌లో ఫార్వర్డ్ అయి వచ్చిన పోస్టరు చూసి రాయడం మొదలుపెట్టకండి. పూర్తి నిబంధనలు సంపాదించి, ఒక కాగితం మీద వీటికి జవాబులు రాసుకోండి.

- పోటీ ఎవరికి? డిగ్రీ, పీజీ, ఇంజినీరింగ్ వాళ్ళకేనా, ఇంటర్, డిప్లొమా వాళ్ళకూ ఉందా?
- వయసు పరిమితి ఉంటే ఏ తేదీ నాటికి లెక్క?
- ఏ ప్రక్రియ: వచన కవిత, పద్యం, నానీలు (నాలుగు పాదాల చిట్టి కవితలు), హైకూ (మూడు పాదాలవి)?
- అంశం ఇచ్చారా, మన ఇష్టమా?
- ఎన్ని లైన్లు? శీర్షిక, చరణాల మధ్య ఖాళీలు లెక్కలోకి వస్తాయా?
- ఒక్కరు ఎన్ని కవితలు పంపొచ్చు?
- గడువు తేదీ కవిత పంపడానికా, వాళ్ళకు చేరడానికా?
- పేరు కవిత కిందే రాయాలా, వేరే కాగితం మీదా?
- ఐడీ కార్డు నకలు చాలా, బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలా?

బోనఫైడ్ అడిగితే ఆ రోజే ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. కవిత ఒక రాత్రిలో తయారవుతుందేమో కానీ ప్రిన్సిపాల్ సంతకం కాదు.

ఎక్కువమంది తడబడేది "అముద్రితం" అన్న నిబంధన దగ్గర. పత్రికలో రాకపోతే చాలనుకుంటారు. ఇప్పుడు చాలామంది నిర్వాహకులు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, బ్లాగు, యూట్యూబ్‌లో చదివిన వీడియో అన్నింటినీ ప్రచురణ కిందే లెక్కేస్తున్నారు. కాలేజీ మ్యాగజీన్ కూడా ప్రచురణే. పోస్టు తీసేసి పంపితే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. మీకు లైకు కొట్టినవాళ్ళలోనే ఇంకో పోటీదారు ఉంటాడు, వాడి దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది. అనుమానం ఉంటే ప్రకటనలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

2. ఏ పోటీకి పంపాలి, దేన్ని వదిలేయాలి

ప్రకటనలు ఏడాది పొడవునా ఒకేలా రావు. ఈ తేదీలకు నెలా రెండు నెలల ముందు నుంచి గమనిస్తూ ఉండండి.

- ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం
- మార్చి 21, ప్రపంచ కవితా దినోత్సవం; ఇంచుమించు అదే రోజుల్లో ఉగాది
- ఆగస్టు 29, గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం
- సెప్టెంబరు 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం
- నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు

గ్రంథాలయ వారోత్సవాలను విద్యార్థులు పెద్దగా పట్టించుకోరు. మొదటిసారి రాసేవాళ్ళకు నా సలహా మాత్రం అదే. జిల్లా గ్రంథాలయంలో పెట్టే పోటీలకు పెద్ద పేరున్న పోటీలంత రద్దీ ఉండదు, అక్కడికక్కడ రాయడం అలవాటవుతుంది. వంగూరి ఫౌండేషన్ ఆఫ్ అమెరికా ఉగాదికి జరిపే రచనల పోటీలాంటివి విద్యార్థులకు మాత్రమే పరిమితం కావు. ఏళ్ళ తరబడి రాస్తున్నవాళ్ళు కూడా అక్కడ ఉంటారు. తెలిసే వెళ్ళండి.

కొన్ని పోటీలు అసలు పోటీలే కావు. ప్రవేశ రుసుం కడితే పాల్గొన్న ప్రతివారికీ ప్రశంసాపత్రం, ఇంకొంచెం కడితే ఒక బిరుదు, "సంకలనంలో మీ కవిత వేస్తాం, పది కాపీలు కొనండి" అన్న షరతు. ఈ మూడూ కలిసి కనిపిస్తే వదిలేయండి. చిన్న రుసుం ఉన్నంత మాత్రాన మోసమని కాదు. జడ్జీలు ఎవరో, కిందటేడు ఎవరికి వచ్చిందో చెప్పలేని చోట మాత్రం డబ్బు కట్టొద్దు.

హక్కుల నిబంధన కూడా చూడండి. "బహుమతి పొందిన కవితను మా సంచికలో ప్రచురించుకునే హక్కు మాది" అంటే పర్వాలేదు. "వచ్చిన రచనలన్నిటిపై సర్వహక్కులూ మావే" అంటే ఆలోచించాలి. మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కు రాసినవారిదే. దాన్ని బదలాయించాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఎంతకాలానికో అందులో చెప్పకపోతే 5 ఏళ్ళకని లెక్క. కాబట్టి హామీ పత్రం మీద సంతకం పెట్టేముందు అందులో హక్కుల గురించి ఒక వాక్యం ఇరికించారేమో చూసుకోండి.

3. అంశాన్ని చిన్నది చేసుకోండి

అమ్మ, రైతు, నీరు, పుస్తకం, స్త్రీ, వలస. పోటీల అంశాలు దాదాపు వీటి చుట్టే తిరుగుతాయి. జడ్జీ ముందు ఒకే అంశం మీద కవితల కట్ట ఉంటుంది. అందులో అన్నం పెట్టే రైతు, నవమాసాలు మోసిన అమ్మ ప్రతి పేజీలోనూ ఉంటారు. అబద్ధమని కాదు, అప్పటికే ముప్పైసార్లు చదివేసి ఉంటాడు, అంతే.

అందుకని మొదటి కూర్చోవడంలో కవిత రాయకండి. ఈ పని చేయండి.

ఒకటి: అంశం వినగానే తోచిన మాటలన్నీ ఒక పక్క రాయండి. వలస అనుకుందాం. కన్నీరు, చెమట, నగరం, మేడలు, ఆకలి, రైలు పట్టాలు. ఇవి అందరికీ తోచేవే. మొత్తం కొట్టేయండి.

రెండు: మీ వీధిలో, మీ ఇంట్లో, మీ హాస్టల్లో ఈ అంశం ఎవరిని తాకిందో ఒక మనిషిని పట్టుకోండి. పేరు అక్కర్లేదు. ఆ మనిషి ఎక్కడుంటాడో మీకు తెలియాలి.

మూడు: ఆ మనిషి చుట్టూ ఉన్న వస్తువులు రాయండి, భావాలు వద్దు. తాళం, మగ్గం గుంట, గోడ మీది క్యాలెండర్, ఓటరు లిస్టు. కళ్ళకు కనిపించేవి, చేతికి తగిలేవి.

ఈ జాబితాలో నాలుగైదు దొరికితే కవితకు సరుకు దొరికినట్టే. ఏమీ దొరకలేదంటే ఆ మనిషి గురించి మీకు తెలిసింది తక్కువ. వేరే మనిషిని వెతకండి, లేదా వెళ్ళి మాట్లాడి రండి.

4. మొదటి ప్రతి

చేత్తో రాస్తారా, ఫోన్‌లో టైపు చేస్తారా అన్నది మీ ఇష్టం. లైన్ల లెక్క మాత్రం ఇప్పుడు పెట్టుకోవద్దు. 25 లైన్ల పోటీకి 40 రాయండి, తీసేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

శీర్షిక చివర్లో పెట్టండి. ముందే పెడితే కవిత మొత్తం దానికి కాపలా కాస్తూ కూర్చుంటుంది.

అంత్యప్రాస కోసం పాకులాడొద్దు. "వేదన, రోదన, ఆవేదన" అంటూ వరస కట్టిన కవితను జడ్జీ రెండో చరణం దాకా కూడా చదవడు. మాట సహజంగా వచ్చి కలిస్తే మంచిదే.

మీ ఊరి మాట వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. హాయిగా వాడండి, వాడితే చివరిదాకా వాడండి. పాలమూరు మాటతో మొదలుపెట్టి మధ్యలో "నీవు", "యొక్క", "వలె" అంటే రెండు నోళ్ళతో మాట్లాడినట్టుంటుంది.

రాసింది కనీసం రెండు రోజులు పక్కన పెట్టండి. గడువు రేపే అయితే కనీసం ఒక రాత్రి.

5. దిద్దుబాటు: అసలు పని ఇక్కడే

మాటల్లో చెప్పడం కన్నా ఒక ముక్క చూపిస్తాను. అంశం "వలస". మామూలుగా వచ్చే మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

ఓ వలస జీవీ!
నీ కన్నీటి గాథ ఎవరికి తెలుసు?
నీ చెమట చుక్కలే పునాదులై
మేడలు ఆకాశాన్ని అంటుతున్నాయి
నీ బతుకు మాత్రం చీకటి...
మేలుకో... ప్రపంచమా మేలుకో!

ఇందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. కానీ ఏ ఊరి మనిషో, ఏ పనికి పోయాడో, ఎవరు చూస్తున్నారో తెలీదు. "వలస జీవి" అన్న చోట "రైతన్న" అని పెట్టినా రెండు మూడు మాటల తేడాతో నడిచిపోతుంది. అంశం మార్చినా అతుక్కుపోయే కవిత పోటీలో నిలవదు. మీ కవితకూ ఈ పరీక్ష పెట్టి చూడండి.

పైన రాసుకున్న వస్తువుల జాబితాతో మళ్ళీ రాస్తే:

మా వీధి చివరి ఇంటికి
తాళం పడి మూడు వానాకాలాలు
చెవి పక్కింటి పెద్దమ్మ కొంగు ముడిలో ఉంది

కిటికీ సందులోంచి చూస్తే
మగ్గం గుంటలో పిల్లి ఈనింది
గోడ మీద క్యాలెండర్లో
ఇంకా అదే శ్రావణం

ఓటరు లిస్టులో ఊరు ఇదే
అన్నం భీవండిలో

ఏం మారింది? సంబోధన పోయింది. కన్నీరు, చెమట, చీకటి పోయాయి. ఒక చేనేత ఇల్లు వచ్చింది. తెలంగాణ నుంచి పద్మశాలీలు మరమగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోవడం తెలిసిన పాఠకుడికి ఆ ఒక్క ఊరి పేరు చాలు. తెలియనివాడికి కూడా పొట్టకూటికి దూరం పోయారని అర్థమవుతుంది.

"కిటికీ సందులోంచి చూస్తే" అన్న లైను మొదట లేదు. తాళం వేసిన ఇంట్లో క్యాలెండర్ ఎలా కనిపించిందని జడ్జీ అడిగితే జవాబుండాలి కదా, అందుకు చేరింది. కవితలో ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో లైను లైనుకీ సరిచూసుకోండి.

చివర్లో ఇంకో రెండు లైన్లు ఉండేవి: "ఎప్పుడొస్తారో ఏమో / ఎదురుచూస్తోంది ఊరు". తీసేయాల్సి వచ్చింది. భీవండి దగ్గర ఆగితే పాఠకుడు తనంతట తాను ఎదురుచూస్తాడు. కాలేజీ కవితల్లో నూటికి తొంభై చివరి మూడు లైన్లు తీసేస్తే బాగుపడతాయని నా గట్టి నమ్మకం. ఒకసారి వేలితో మూసి చదివి చూడండి.

లైన్లు పరిమితి దాటితే రెండు లైన్లు కలిపి ఒకటిగా చేసి ఇరికించకండి. కలిపిన చోటు ఎబ్బెట్టుగా తెలిసిపోతుంది. ఒక చరణం మొత్తం తీయండి.

దిద్దేటప్పుడు చూడాల్సినవి:

- "లాంటి", "వలె", "లా" ఎన్నిసార్లు వచ్చాయి? రెండు దాటితే తగ్గించండి.
- మూడు చుక్కలు, ఆశ్చర్యార్థకాలు అవసరమా? దాదాపు అన్నీ తీసేయొచ్చు.
- ఒక్కో లైనూ పైకి చదివితే ఊపిరి సహజంగా ఆగుతోందా?
- మొదటి మూడు లైన్లలో కంటికి కనిపించేది ఒకటైనా ఉందా?
- అంశం పేరును కవితలో అనకుండానే అంశం తెలుస్తోందా?

తర్వాత అక్షరదోషాలు. "భాద" కాదు బాధ, "కధ" కాదు కథ, "విధ్యార్థి" కాదు విద్యార్థి, "అధ్బుతం" కాదు అద్భుతం, "నిశ్శబ్ధం" కాదు నిశ్శబ్దం, "సాంప్రదాయం" కాదు సంప్రదాయం. అనుమానం వచ్చిన ప్రతి మాటనూ ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువుల్లో వెతకండి. ఒత్తు తప్పితే మార్కులు పోతాయా అంటే, ఇద్దరు సమానంగా నిలిచినప్పుడు అక్కడే పోతాయి.

6. పద్యం, నానీ పంపేవాళ్ళకు

పద్యాల పోటీకి మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఉత్పలమాల జోలికి పోకుండా తేటగీతి, ఆటవెలదులతో మొదలుపెట్టండి. ప్రాస నియమం (పాదాలన్నిటిలో రెండో అక్షరం ఒకటే ఉండాలన్నది) లేదు, గణాల్లో వెసులుబాటు ఎక్కువ. గణమంటే గురువులు (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలు), లఘువులు (తక్కువ సేపు పట్టేవి) కలిసిన గుంపు.

తేటగీతి పాదంలో వరసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్య, రెండు ఇంద్ర. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. యతి స్థానం అక్కడా నాలుగో గణమే.

పై కవితలోని మాటనే తేటగీతి పాదంలో పెడదాం. మొదటి ప్రయత్నం:

పల్లె వాకిట తాళము వేలాడె నేడు

చెవికి బాగానే ఉంది, లెక్కకు నిలవదు. పల్లె (గురువు, లఘువు) సూర్యగణం. వాకిట, తాళము రెండూ భగణాలు (ఒక గురువు, రెండు లఘువులు), ఇంద్రగణాల్లో చెల్లుతాయి. "వేలాడె" దగ్గర రెండు గురువులు వరసగా వచ్చాయి, అది సూర్యగణం కాదు. పైగా "ప"కు "వే"తో యతి కుదరదు. మారిస్తే:

పల్లె వాకిట తాళము పడియె నేడు

"పడియె" మూడు లఘువులు, నగణం, సూర్యగణమే. ప-ప యతి కుదిరింది. ఇలా ఒక్కో పాదం కింద గురు లఘువులు గీసుకుని పంపండి. ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, వాడుకోవచ్చు. కానీ అక్కడికక్కడే చెప్పే పోటీలో అవి చేతిలో ఉండవు కాబట్టి వేళ్ళ మీద లెక్క అలవాటు చేసుకోండి.

వృత్తం రాస్తే యతి స్థానాలు గుర్తుంచుకోండి: ఉత్పలమాలకు 10వ అక్షరం, చంపకమాలకు 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14.

నానీకి నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక అంశం, తర్వాతి రెండింట్లో దానికి బదులు. ఉదాహరణకు:

హాస్టల్ గేటు
తొమ్మిదికి మూత
పరీక్షల దిగులుకు
ఏ వేళైనా దారే

పాదాల వారీగా 4, 6, 8, 6, మొత్తం 24. "హాస్టల్"లో చివరి పొల్లు విడి అక్షరం కాదు, ముందు అక్షరంతోనే లెక్క. సంయుక్తాక్షరం ఎంత పెద్దదైనా ఒక్కటే. అప్పు తెచ్చుకున్న ఇంగ్లీషు మాటల దగ్గరే ఈ లెక్క ఎక్కువగా తప్పుతుంది. హైకూకు అడిగితే మూడు పాదాల్లో 5-7-5 అక్షరాలు పాటించండి, నిర్వాహకులు వేరే చెబితే తప్ప.

7. టైపు, ఫాంటు

యూనికోడ్‌లో టైపు చేయండి. ఫోన్‌లో జీబోర్డ్, కంప్యూటర్‌లో లేఖిని వెబ్‌సైట్ చాలు. గౌతమి, మండలి, నోటో తెలుగు ఫాంట్లలో ఏదైనా ఫర్వాలేదు. జిరాక్స్ సెంటర్లో డీటీపీ చేయిస్తే చాలాసార్లు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో చేసిస్తారు. ఆ ఫైలు అవతలి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. తప్పనిసరై అందులో చేయిస్తే పీడీఎఫ్ తీసుకోండి.

- ఒక పేజీలో ఒకే కవిత, ఏ4 సైజు
- అక్షరాల సైజు 14, లైన్ల మధ్య కాస్త ఎడం
- పువ్వుల బోర్డర్లు, రంగుల బ్యాక్‌గ్రౌండ్, మీ ఫోటో వద్దు
- పీడీఎఫ్, వర్డ్ రెండూ పంపండి (ఒకటే అడిగితే ఒకటే)
- కాగితం మీద రాసి ఫోటో తీసి పంపడం వాళ్ళు ఒప్పుకుంటేనే

పీడీఎఫ్‌ను వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. లైన్లు మీరు విరిచిన చోటే విరిగాయో లేదో అక్కడ తెలుస్తుంది.

8. హామీ పత్రం

నమూనా ఇది. శీర్షిక మార్చి వాడుకోండి.

"'…………' శీర్షికతో పంపుతున్న ఈ కవిత నా సొంత రచన. అనువాదం, అనుసరణ, అనుకరణ కాదు. ఇంతవరకు ఏ పత్రికలోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ, వెబ్‌సైట్లలోనూ రాలేదు. వేరే పోటీల పరిశీలనలో లేదు. ఏఐతో రాయించింది కాదు. ఫలితాలు వచ్చేవరకు మరెక్కడికీ పంపను."

కింద పేరు, తరగతి, కాలేజీ, చిరునామా, ఫోన్, తేదీ, సంతకం. ఇది కవిత ఉన్న పేజీలో ఉండకూడదు. చాలా పోటీల్లో పేర్లు తీసేసి కోడ్ నంబర్లు వేసి జడ్జీలకు ఇస్తారు. కవిత కింద మీ పేరు, కలం పేరు, చివరికి "మీ శ్రీను" అని ఉన్నా పక్కన పెట్టేయొచ్చు.

ఏఐ గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి చిత్తుప్రతులు పారేయొద్దు. కొట్టివేతలతో నిండిన మొదటి కాగితం మీ దగ్గరుంటే ఎవరు సందేహించినా టెన్షన్ అక్కర్లేదు.

9. పంపడం

మెయిల్ సబ్జెక్టులో పోటీ పేరు, ప్రక్రియ రాయండి. లోపల రెండు వాక్యాలు చాలు. "నేను చిన్నప్పటి నుంచి..." అన్న ఆత్మకథ వద్దు. అటాచ్‌మెంట్ పెట్టారో లేదో చూసి పంపండి.

అమెరికా సంఘాల పోటీలైతే గడువు వాళ్ళ గడియారం ప్రకారం ఉంటుంది. మార్చి 15 రాత్రి 11:59 ఈస్టర్న్ టైమ్ అంటే మనకు 16వ తేదీ ఉదయం 9:29. ఆ వెసులుబాటు చూసుకుని ఆగకండి, రెండు రోజుల ముందే పంపేయండి.

పోస్టులో పంపితే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. నకలు మీ దగ్గర పెట్టుకోండి, తిరిగి పంపరు.

10. అక్కడికక్కడ రాసే పోటీ

వెంట తీసుకెళ్ళాల్సినవి: రెండు పెన్నులు, పరీక్ష అట్ట, చేతి గడియారం (ఫోన్ లోపలికి రానివ్వరు), ఐడీ కార్డు, నీళ్ళు.

గంట సమయం ఇస్తే ఇలా పంచుకోండి.

- మొదటి 10 నిమిషాలు: మూడో అంచెలో చెప్పిన జాబితా. ముందు అందరికీ తోచేవి కొట్టేయడం, తర్వాత ఒక మనిషి, నాలుగు వస్తువులు.
- తర్వాతి 25: చిత్తుప్రతి.
- తర్వాతి 10: తీసివేతలు, ముఖ్యంగా చివరి లైన్లు.
- చివరి 15: సాపు ప్రతి. చేతిరాత బాగాలేకపోతే ఇక్కడ తొందరపడొద్దు.

బోర్డు మీద "నీరు" అని రాశారనుకోండి. హాల్లో సగం మంది "నీరే ప్రాణాధారం" అని మొదలుపెడతారు. మీరు మీ హాస్టల్ కుళాయి దగ్గరికి వెళ్ళండి. పొద్దున్నే బకెట్ల వరస, బకెట్ మీద పెయింటుతో రాసిన రూమ్ నంబరు, నీళ్ళు రావడానికి ముందు కుళాయిలో వచ్చే గాలి చప్పుడు. ఆ చప్పుడు దగ్గర కవిత మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో రాసి పెట్టుకున్న కవితను తెచ్చి చివర అంశం పేరు అతికించడం పాత అలవాటు. జడ్జీలకు ఇది కొట్టినపిండి. అమ్మ మీది కవిత చివర్లో "నీటిలా స్వచ్ఛమైన అమ్మ" అని కనిపించగానే కాగితం తిప్పేస్తారు.

మధ్యలో ఆగిపోతే? రాసిన వస్తువుల్లో ఒకదాన్ని పట్టుకుని "నిన్న ఇది ఎక్కడుంది, రేపు ఎవరి చేతిలో ఉంటుంది" అని అడగండి. ఏదో ఒకటి కదులుతుంది.

టైమ్ అయిపోతుంటే? పూర్తయిన చరణం దగ్గర ఆపేయండి. సగం చరణం కన్నా అదే నయం. శీర్షిక మర్చిపోకండి, బెల్లు కొట్టాక గుర్తొచ్చేది అదే.

11. వేదిక మీద చదవాల్సి వస్తే

కొన్ని పోటీల్లో రాయడానికి సగం మార్కులు, చదవడానికి సగం.

పెద్ద అక్షరాలతో ప్రింటు తీసుకెళ్ళండి. ఫోన్‌లో చూసి చదివితే మధ్యలో కాల్ వస్తుంది, స్క్రీన్ ఆరిపోతుంది. మైకుకు జానెడు దూరంలో నిలబడి మొదటి లైను కాస్త నెమ్మదిగా మొదలుపెట్టండి, హాలు సర్దుకోవడానికి.

ముందుమాట వద్దు. "నేను ఈ కవిత ఎందుకు రాశానంటే" అని మొదలుపెడితే మూడు నిమిషాల్లో ఒకటి అక్కడే పోతుంది. శీర్షిక చెప్పి చదవండి.

పద్యాన్ని రాగంతో, కావాలంటే పాదం రెండుసార్లు చదవొచ్చు, వినేవాళ్ళు కూడా అదే కోరతారు. వచన కవితను పాడకండి, ప్రతి లైనూ రెట్టించకండి. చప్పట్ల కోసం ఆగి చూడటం మరీ ఇబ్బందిగా ఉంటుంది.

ఇంట్లో టైమర్ పెట్టి నాలుగైదుసార్లు చదవండి. నాలుక తిరగని మాట ఉంటే కవితలోనే మార్చండి, వేదిక మీద ఎలాగూ తిరగదు.

12. ఫలితాల తర్వాత

బహుమతి వస్తే సర్టిఫికెట్‌లో పేరు సరిగ్గా పడటానికి తెలుగులో, ఇంగ్లీషులో రాసి పంపండి. నగదు కోసం బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చాలు. ఓటీపీ అడిగినా, "ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అన్నా అది బహుమతి కాదు.

రాకపోతే నిర్వాహకులకు ఫోన్ చేసి వాదించొద్దు. గెలిచిన కవితలు దొరికితే చదవండి. జడ్జీ కార్యక్రమానికి వస్తే "నా కవితలో ఏ చరణం దగ్గర ఆగిపోయారు" అని అడగండి. "ఎలా ఉంది" అంటే "బాగుంది" అనే అంటారు.

ఫలితాలు ప్రకటించాక మీ కవిత మీదే. ఏదైనా పత్రికకు పంపుకోండి, ఇంకో పోటీకి పంపుకోండి. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం వద్దు. నోటుబుక్కులో ఒక పేజీ దీనికి కేటాయించి ఐదు గళ్ళు గీయండి: కవిత పేరు, ఎక్కడికి పంపాను, ఏ తేదీన, ఫలితం ఎప్పుడు, ఏమైంది. నాలుగో గడిలో రాసిన తేదీ దాటి నెలైనా కబురు లేకపోతే ఒక మెయిల్ రాసి, మీ కవితను పరిశీలన నుంచి వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, తర్వాతే వేరేచోటికి పంపండి.